అత్తలేని ఇంటికి సారె

మా కుట్టు క్లాసులో కుట్టు నేర్చుకున్నవాళ్ళు ఎందరో చెప్పలేను గానీ, కుట్టు పేరు చెప్పి వచ్చి కడుపారా ఏడ్చి వెళ్ళినవాళ్ళు మాత్రం చాలామందే. పోర్టు క్వార్టర్లలో మా లైను చివర ఒక రేకుల హాలుండేది. పొద్దున్న అందులో చిన్నపిల్లల బడి నడిచేది. మగవాళ్ళు డ్యూటీల్లోనూ పెద్దపిల్లలు స్కూళ్ళలోనూ ఉండే మధ్యాహ్నం వేళకి టీచరమ్మ వచ్చి, గోడవారగా ఉన్న కుట్టు మిషన్లు ముందుకు లాగి క్లాసు మొదలుపెట్టేది. ఉచిత కుట్టు శిక్షణ అని గోడమీద నీలం రంగుతో రాసి ఉండేది. దెబ్బలు తిన్నవాళ్ళు కూడా రావచ్చని ఎక్కడా రాయలేదు. రాయక్కర్లేదు కూడా, ఆ సంగతి కుళాయి దగ్గరే అందరికీ తెలిసిపోయేది.

నేను డెబ్భైల చివర్లో పెళ్ళై గోదావరి జిల్లా నుంచి విశాఖపట్నం వచ్చాను. మా ఆయనకి పోర్టు స్టోర్సులో ఉద్యోగం. వచ్చిన కొత్తలో ఈ ఊరి మాట నాకు సగమే అర్థమయ్యేది, నా 'అండీ'లకి వీళ్ళు నవ్వేవారు. ఊసుపోక క్లాసుకి వెళ్ళాను. నాకు కుట్టు రాలేదు, ఇప్పటికీ రాదు. నేను కుట్టిన జాకెట్టు చేతులు రెండూ ఒకవైపే తిరిగాయని మా ఆయన ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెప్తాడు. అయినా టీచరమ్మ నన్ను పొమ్మనలేదు. నాకు వేరే పని అప్పజెప్పింది.

ఆ పని ఏమిటంటే, ఖాళీ మిషను తొక్కడం. ఎవరైనా కొత్తగా వచ్చి మూలబల్ల మీద తల వంచుకుని కూర్చుంటే టీచరమ్మ నావైపు చూసేది. నేను దారం ఎక్కించని మిషను ముందు కూర్చుని గడగడా తొక్కేదాన్ని. ఆ చప్పుడులో లోపలి మాట బయట వరండాలో నిలబడ్డ అత్తగారికో ఆడపడుచుకో వినపడేది కాదు. నాకు మాత్రం అన్నీ వినపడేవి. వింటున్నకొద్దీ కోపం కాళ్ళలోకి దిగి ఇంకా గట్టిగా తొక్కేదాన్ని. "ఒసే, మిసను ఇరగ్గొడతావేటే!" అని టీచరమ్మ కసిరేది.

టీచరమ్మది భీమిలి వైపు. చిన్నతనంలోనే భర్త పోయాడు, ఎవరి గుమ్మంలోనూ తల వంచకుండా బతికిన మనిషి. "ఎందుకు కొట్టాడు" అని ఎవరినీ అడగనిచ్చేది కాదు. ఒకసారి నేను నోరు జారి అడిగితే, ఆ వచ్చినామె వెళ్ళిపోయాక నాకు చీవాట్లు పడ్డాయి. "ఎందుకు కొట్టినాడని అడిగితే, కొట్టడానికి ఒక కారనం ఉంటాదని మనమే ఒప్పుకున్నట్టు కాదేటే? నీకేటి కావాల అని అడుగు. అదొక్కటే అడుగు" అంది.

కావలసినవి ఎప్పుడూ చిన్నవిగానే ఉండేవి. ఒకామెకి ఆసుపత్రికి తోడు కావాలి. ఒకామె కొడుకుని సాయంత్రం దాకా ఎవరైనా చూడాలి. ఒకామెకి ఇంకేమీ వద్దు, అరగంట పడుకుంటే చాలు, అంతే. గుడ్డలు కత్తిరించే బల్ల కింద చాప వేసి పడుకోబెట్టేవాళ్ళం. మేం చేసిన దాన్ని సేవ అని గానీ సంఘం అని గానీ మేమెవరం అనుకోలేదు. క్లాసుకి వెళ్తున్నాం అనేవాళ్ళం, అంతే.

ఆ అమ్మాయి వచ్చింది ఎనభైలు మొదలైన కొత్తలో. మా వెనక లైనులో ఉండేది. పద్మనాభం దగ్గర పల్లెలో వరి పండించే ఇంటి పిల్ల. తండ్రి లేడు, తల్లికి చూపు ఆనదు, ఇద్దరు అన్నలు. మొగుడు డాకులో కలాసీ, సరుకు దింపే పని. మనిషి బయట ఎంతో మర్యాదగా ఉండేవాడు. కుళాయి దగ్గర నా బిందె ఎత్తి చంకకి అందించేవాడు కూడా. ఇంట్లో తల్లి, వాడు, ఈ పిల్ల. పిల్లాపాపలు ఇంకా కలగలేదు.

మొదటిరోజు మోచెయ్యి వాచి వచ్చింది. నేను మిషను తొక్కుతున్నాను. టీచరమ్మ అడగవలసిన ఒక్క మాటా అడిగింది.

"నాకేటొద్దు టీచరమ్మా. మిసను నేర్పండి" అంది ఆ పిల్ల.

నేర్చుకుంది. చేతి వాపు తగ్గకముందే నేర్చుకుంది. నేను రెండేళ్ళలో నేర్వలేనిది ఆ పిల్ల ఆ ఎండాకాలం దాటేలోపు పట్టేసింది. పలచటి గుడ్డకంటే మందం గుడ్డ మీద దానికి ఇష్టం. సంచులు, పరుపు గలేబులు, పాత టార్పాలిను, ఏదిచ్చినా లొంగదీసేది.

దెబ్బ తగిలినప్పుడల్లా అది బస్సెక్కి పుట్టింటికి పోయేది. అన్నలు నాలుగు రోజులుంచుకుని వెనక్కి తీసుకొచ్చేవారు. అప్పుడు తగువు జరిగేది. తగువంటే పోట్లాట కాదు. మొగుడి కులపెద్దలు, వాళ్ళ ఊరినుంచి వచ్చి పోర్టులోనే పనిచేసే మగవాళ్ళు, ఆదివారం వరండాలో చాపలేసుకుని కూర్చుని సంసారాలు సర్దడం. అటు పెద్దలు, ఇటు అన్నలు. ఆ పిల్ల గుమ్మం లోపల నిలబడాలి, మాట్లాడకూడదు. "ఇంక కొట్టడులే బావా" అని ఒకరు, "మీ పిల్లకీ నోరెక్కువ" అని ఇంకొకరు, చివర్లో టీలు. పోలీసు స్టేషన్ సంగతి అడుగుతారేమో, అక్కడికీ ఒకసారి వెళ్ళాం. అక్కడా ఇదే మాట, టీ ఒక్కటే తక్కువ.

మూడోసారి అన్నలు రాలేదు. ఊడ్పులున్నాయని కబురు పంపారు. ఊడ్పులు నిజమే, వర్షాకాలం. ఆ పిల్ల దవడ వాచి మా క్లాసులో కూర్చుంది. ఆదివారం తగువు పెట్టమని టీచరమ్మ కబురు చేస్తే పెద్దలు నవ్వారు.

"ఆడపిల్ల తరపునెవులూ నేకపోతే తగువేటమ్మా? గోడతో పెట్టుకోమా?" అన్నాడు వాళ్ళలో పెద్దాయన.

ఆయన తప్పు మాట్లాడానని అనుకోలేదు. వాళ్ళ లెక్కలో తగువుకి రెండు వైపులుండాలి. పుట్టింటివాళ్ళు రాకపోతే ఆడదానికి వైపే లేదు, వైపు లేనిదానికి న్యాయం ఎవరు చెప్తారు? నాకు ఒళ్ళు మండిపోయింది. టీచరమ్మ మాత్రం ఆ ఆదివారం మమ్మల్నందరినీ వెంటేసుకుని వెళ్ళి, మగవాళ్ళకి ఎదురుగా చాప పరిచి, నడిమధ్యన కూర్చుంది.

"మీరెవులు?" అన్నాడు పెద్దాయన.

"పుట్టింటోలం."

వరండా అంతా నవ్వింది. మొగుడు కూడా నవ్వాడు. పెద్దాయన నవ్వు ఆపుకుని, "పుట్టింటోలైతే సారె ఏదమ్మా? సారె పెట్టినోలే పుట్టింటోలు. ఉత్త సేతుల్తో వచ్చీసి పుట్టింటోలంటే ఎలగ?" అన్నాడు.

సారె ఏమిటో తెలియని తెలుగువాళ్ళుండరు. కూతుర్ని అత్తింటికి పంపేటప్పుడు పుట్టింటివాళ్ళు వెంట పంపే అరిసెలు, లడ్డూలు, చలిమిడి, పసుపు కుంకుమ. అవి ఇంటిల్లిపాదీ తినడానికి కాదు, వీధి వీధంతా పంచడానికి. ఈ పిల్ల వెనక మనుషులున్నారని గడపగడపకీ తెలియజేసేది సారె. పెద్దాయన ఎగతాళికన్నాడు. టీచరమ్మ ఎగతాళిగా తీసుకోలేదు.

"పెడతాం. సారెతోటే దిగబెడతాం. అప్పుడు ఈడు సెయ్యెత్తితే మీ అందరూ మాకు జవాబు సెప్పాలి" అంది.

పెద్దలు సరే అన్నారు. ఆ పిల్ల కూడా వెళ్తానంది. అప్పటికింకా దానికి ఆ ఇల్లు తప్ప వేరే ఇల్లు ఉండొచ్చన్న ఊహ లేదు. నిజానికి మాకూ లేదు.

ఆ సారె చేసిన రెండు రోజులూ మా లైనులో పండగే. ఒకరింట్లో బియ్యం నానబోశాం, ఇంకొకరింట్లో దంచాం, మా ఇంట్లో పాకం. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి, వంటింట్లో కాలుపెట్టే చోటు లేక, "ఇవాళ నా భోజనం కూడా సారెలో వెళ్ళిపోయిందా?" అని అడిగాడు. అరిసెల పాకం దగ్గర మా గోదావరి వాళ్ళకీ ఈ ఊరి వాళ్ళకీ పెద్ద యుద్ధం జరిగింది. చివరికి రెండు రకాలూ చేశాం. మావే బాగున్నాయి.

గంపలు నెత్తిన పెట్టుకుని, ఆ పిల్లని మధ్యలో నడిపిస్తూ, వెనక లైనుకి వెళ్ళాం. అత్తగారు గుమ్మంలోకొచ్చి గంపలు అందుకుంది. మొగుడు అందరిముందూ చెంపలేసుకున్నాడు. పెద్దాయన టీచరమ్మకి దండం పెట్టాడు. గెలిచామనుకున్నాం. మర్నాడు అత్తగారు పళ్ళెం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, "మా కోడలి పుట్టింటోలు పెట్టినారు" అని పంచింది. మా ఇంటికీ వచ్చి, నేను వేయించిన అరిసె నా చేతిలోనే పెట్టింది. నేను నవ్వుతూ తీసుకున్నాను.

దసరా వెళ్ళాక మళ్ళీ కొట్టాడు. పట్టపగలు, వెనక లైనంతా వినబడేలా. ఒక్క తలుపు తెరుచుకోలేదు. ఆ పిల్ల తనంతట తనే విడిపించుకుని పరుగెత్తుకొచ్చి క్లాసు మెట్ల మీద కూలబడింది. జుట్టు ఒకవైపు ఊడి చేతికొస్తోంది.

నేను నేరుగా వాళ్ళ పక్కింటికి వెళ్ళాను. ఆ పక్కింటావిడ చెడ్డది కాదు. నా పురుడప్పుడు నాకు కారప్పొడి చేసి పెట్టిన మనిషి. "వినపడలేదా అండీ మీకు? చెవుల్లో ఏం పెట్టుకున్నారు?" అని అరిచాను.

ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "వినపడింది అక్కా. ఎల్దామనే లేసినాను. మొన్ననే ఆ ముసల్ది వచ్చి తన సేత్తో అరిసె పెట్టి, మా కోడలు మా ఇల్లు అని సెప్పి ఎల్లింది. తినీసినాం. ఆవిడ పెట్టింది తినీసి ఆవిడింటి మీదికి తగువుకెలగ ఎల్లను?"

అప్పుడు తెలిసింది మేం చేసిన పని. సారె అత్తగారి చేతికిచ్చాం. ఎప్పుడూ అలాగే ఇస్తారు, ఎవరైనా అలాగే ఇస్తారు, అందుకే మాలో ఒక్కరికీ తట్టలేదు. పంచే చెయ్యి ఎవరిదో తిన్నవాళ్ళు వాళ్ళవాళ్ళవుతారు. మా బియ్యం, మా బెల్లం, మా చెమట పోసి ఆ లైను లైనంతటినీ తీసుకెళ్ళి కొట్టేవాడి తల్లికి చుట్టాలుగా చేసి వచ్చాం! పెద్దల దగ్గరికి వెళ్తే, "సారె వచ్చినాది, తగువు తెగిపోనాది. మల్లీ ఏటి?" అన్నారు. టీచరమ్మ ఇంటికొచ్చి నుదురు కొట్టుకుంది. ఆవిడ అలా కొట్టుకోవడం నేను చూడ్డం అదే మొదలు. నాకు మాత్రం దుఃఖం రాలేదు, కోపం వచ్చింది. ఇంత తెలివైన ఆడవాళ్ళం ఒక ముసలమ్మ చేతిలో ఇంత సులువుగా ఓడిపోయామే అని వచ్చిన కోపం.

ఆ పిల్ల టీచరమ్మ ఇంట్లోనే ఉండిపోయింది. అన్నలకి కబురంపలేదు. వెళ్తావా అని ఈసారి మేమూ అడగలేదు. కొన్నాళ్ళకి తనే చెప్పింది.

"నానింక ఆ ఇంటికెల్లను టీచరమ్మా. మా అన్నలకాడికీ ఎల్లను. నాకొక గది సూసి పెట్టండి."

పని తను ముందే చూసుకుంది. అప్పట్లో స్టీలు ప్లాంటు కడుతున్నారు. గాజువాక వైపు రోడ్లన్నీ లారీలే, ఆటోనగర్‌లో షెడ్డు పక్కన షెడ్డు లేస్తోంది. లారీ సీట్లకి రెగ్జిను కవర్లు వేసే షాపాయన ఒకడు మిషనిచ్చి ఇంటి దగ్గరే కుట్టించుకుంటానన్నాడు. మందం గుడ్డ మీద ఆ పిల్ల చెయ్యి చూసి, "ఇది మగోడి కుట్టు" అని మెచ్చుకున్నాడట. మెచ్చుకోలే కదా అని ఊరుకుంది.

పని దొరికింది గానీ గది దొరకలేదు. గాజువాకలో ఇళ్ళకి కొదవ లేదు, ప్లాంటు పనికొచ్చినవాళ్ళ కోసం పొలాలున్నవాళ్ళంతా వరస గదులు వేస్తున్నారు. మేం వెళ్ళి అడిగితే ముందు రండి రండి అనేవారు. మగమనిషి ఏడీ అని అడిగి, లేడని తెలిశాక గది లేదనేవారు. చివరికి ఒక వీధిలో ఒక ముసలమ్మ దగ్గర ఆగాం. సొంత పొలంలో వరసగా గదులు కట్టించి, వాటికెదురుగా అరుగు మీద కూర్చుని, నిప్పున్న కొన నోట్లో పెట్టుకుని అడ్డపొగ కాలుస్తూ అందరినీ అజమాయిషీ చేసే మనిషి. మేం చెప్పిందంతా విని, చుట్ట తీసి, ఆ పిల్లని ఎగాదిగా చూసింది.

"ఆడొత్తాడా?" అంది.

"వస్తే రావచ్చండి" అన్నాను నేను. అబద్ధం ఎందుకు?

"వచ్చి గొడవ సేత్తే ఆ రోజే కాళీ సెయ్యాల. మిగతా గదులోల్లు నా మీదికొస్తారు. ఇట్టమైతే ఉండండి."

అదీ షరతు. వాడు రాకుండా ఉంటాడా? ఎక్కడుందో తెలియడానికి ఎన్నాళ్ళు పడుతుంది? వాడు ఒక్కసారి వచ్చి వీధిలో నిలబడి అరిస్తే చాలు, ఆ గది పోతుంది, గదితో పాటు చేతిపనీ పోతుంది. ఆ తర్వాత మళ్ళీ అన్నలు, మళ్ళీ చాపలు, మళ్ళీ టీలు. ఆ పిల్లకీ ఇదంతా తెలుసు. అయినా సరేనంది.

గదిలో చేరే ముందు క్లాసుకి వచ్చి, మిషన్ల మధ్య నిలబడి, అందరికీ వినపడేలా అడిగింది. "నాను కొత్తింట్లోకెల్తన్నాను. నాకు సారె పెట్టరా?"

మొగుడున్న ఇంటికి సారె పెడతారు. మొగుణ్ణి వదిలేసి ఒంటరిగా ఉండబోయే ఆడదాని గదికి సారె ఏమిటి? "అశుభమేమోనే" అని ఒకావిడ నసిగింది. "జనాలు నవ్వుతారు" అని ఇంకొకావిడ. టీచరమ్మ కూడా కత్తెర పట్టుకుని అలాగే చూస్తోంది. నాకు మాత్రం అప్పుడు ఎక్కడలేని ధైర్యం వచ్చింది, సంతోషం కూడా వచ్చింది. నాకు ఈ ఊరి ఆచారాలు ఎలాగూ సగమే తెలుసు, తెలియని సగంలో ఇది కూడా ఉంటుందనుకుంటే సరిపోతుంది.

"తన్నేవాడి ఇంటికి మోసుకెళ్ళినప్పుడు శుభమే అనుకున్నాం కదండీ! అప్పుడు ఎవరూ నవ్వలేదా? నవ్వారు, తల్లీకొడుకులు నవ్వారు. ఈసారి ఇచ్చేది ఈ పిల్ల చేతికే. దీనింట్లో అత్త లేదు, లాక్కోవడానికి" అన్నాను.

టీచరమ్మ కత్తెర బల్లమీద పెట్టింది. "బియ్యం ఎవులు నానబోత్తారు?" అంది.

ఈసారి పాకం దగ్గర యుద్ధం లేదు, అందరూ మా అరిసెలే చేయమన్నారు. గంపలతో సిటీ బస్సెక్కాం. కండక్టరు "ఏ ఊరు పెళ్ళమ్మా?" అని అడిగి, ఒక లడ్డూ తిని, టిక్కెట్లు మాత్రం అందరికీ కొట్టాడు. దారంతా ఆ పిల్ల చలిమిడి గిన్నె ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. భయపడుతోందేమోనని చెయ్యి పట్టుకుని చూశాను. చల్లగా లేదు, మామూలుగానే ఉంది.

గదిలో దీపం పెట్టి, చాప మీద కూర్చోబెట్టి, టీచరమ్మ దాని ఒళ్ళో చలిమిడి పెట్టింది. అమ్మ పెట్టవలసిన చలిమిడి అది. అప్పుడు మాత్రం ఆ పిల్ల ఏడ్చింది, మేమూ ఏడ్చాం. తర్వాత ముఖం కడుక్కుని, పళ్ళెం తనే పట్టుకుని వీధిలోకి దిగింది. మేం గంపలతో వెనక నడిచాం. మా ఏర్పాటు ప్రకారం మేమే మాట్లాడాలి. కొత్తగా వచ్చిందండీ, మా అమ్మాయండీ, చూసుకోండి అని చెప్పాలి, అంతకుమించి చెప్పకూడదు.

మొదటి గుమ్మం దగ్గరే ఏర్పాటంతా తలకిందులైంది. అరిసె అందుకున్న ఆవిడ మామూలుగా, "మీ ఆయనేటి సేత్తాడమ్మా? ప్లాంటులోనా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే ఆ పిల్ల జవాబు చెప్పేసింది.

"మా ఆయన కొట్టీవోడండి. ఒగ్గీసి వచ్చినాను. నాను సీటు కవర్లు కుడతాను. ఈలు నా పుట్టింటోలు, సారె తెచ్చినారు. తీసుకోండి."

అయిపోయింది, వీధి వీధంతా తలుపులు మూస్తారు అనుకున్నాను. ఆవిడ అరిసె కొంగులో వేసుకుంది. లోపల్నుంచి మగగొంతు "ఎవులే?" అని అడిగింది. "ఎవుల్నేదు, కొత్తగా దిగినోలు" అని వెనక్కి చెప్పి, ఆ పిల్ల చేతిమీద చెయ్యి వేసి, "కుళాయి పొద్దున్నే వొత్తాది, నాను పిలుత్తాన్లే" అంది.

ప్రతి గుమ్మంలోనూ అదే చెప్పింది. దాచలేదు, ఏడవలేదు, కూరగాయల ధర చెప్పినంత మామూలుగా చెప్పింది. ఒకావిడ తీసుకోలేదు, మా ఆయన ఒప్పుకోడంటూ తలుపు వేసుకుంది. మిగిలినవాళ్ళు తీసుకున్నారు. కొందరు ఒక మాట ఎక్కువే మాట్లాడారు, గుమ్మం దాకా వచ్చి గొంతు తగ్గించి మాట్లాడారు. అలా గొంతు తగ్గించినవాళ్ళకి మా క్లాసు ఎక్కడుందో టీచరమ్మ చెప్పింది. చివర్న ఇంటిగల ముసలమ్మ. అడ్డపొగ పక్కన పెట్టి, అరిసె విరిచి నోట్లో వేసుకుని, "పాకం ముదిరింది" అంది. ముదరలేదు.

వాడు సంక్రాంతి ముందు వచ్చాడు. ఆదివారం మధ్యాహ్నం, నేను అక్కడే ఉన్నాను. మా పిల్లాడి స్కూలు సంచికి జిప్పు వేయించుకుందామని వెళ్ళాను. ఆ పిల్ల గదిలో ఎర్ర రెగ్జిను పరుచుకుని కుడుతోంది. బయట వాడి గొంతు వినపడగానే చేతిలో సంచి పక్కన పడేసి లేచాను. వాడు దాని పేరు పెట్టి పిలుస్తున్నాడు. ముందు మామూలుగా, తర్వాత గట్టిగా, తర్వాత బూతుగా.

నా ఆలోచనంతా ముసలమ్మ మీదే. షరతు షరతే. నేను గుమ్మంలోకి వచ్చేసరికి ఆవిడ అప్పటికే అరుగు దిగి వాడి ముందు నిలబడి ఉంది.

"ఎవుల్నువ్వు? ఎవులు కావాల?"

"నా పెల్లాం కావాల. నువ్వు తప్పుకో ముసలీ."

ముసలమ్మ తప్పుకోలేదు. వాడి వెనకాల, కుళాయికి పిలుస్తానన్న ఆవిడ బయటికొచ్చింది, చేతిలో అన్నం కలిపిన కంచంతోనే వచ్చింది. ఆ పక్కావిడ, దాని పక్కావిడ. చివరింట్లోంచి, ఆవేళ సారె తీసుకోని ఆవిడ కూడా గుమ్మంలోకి వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. ఎవరూ అరవలేదు, ఎవరూ చెయ్యి ఎత్తలేదు. ఎవరి గుమ్మంలో వాళ్ళు నిలబడి చూశారు. నాకు ఎంత గర్వంగా అనిపించిందో!

"ఈదిలో బూతులు కూత్తే మరేదగుండదు బాబూ" అంది ముసలమ్మ. "అద్దెకున్నది ఆ గుంట. మాటాడితే దాంతో మాటాడు, మరేదగా మాటాడు. మాటాడతాదో నేదో దానిట్టం."

వాడు వీధి అటు చూశాడు, ఇటు చూశాడు. అంతమంది ఆడవాళ్ళ కళ్ళ ముందు గొంతు దానంతట అదే తగ్గింది. కుళాయి దగ్గర నాకు బిందె ఎత్తిపెట్టినప్పటి మంచి గొంతు తెచ్చుకున్నాడు.

నేను ముందుకు కదిలాను. చెప్పాల్సినదంతా నా నాలుక చివరే ఉంది. ఆ పిల్ల వెనకనుంచి నా భుజం మీద చెయ్యి వేసి, నన్ను పక్కకి జరిపి, తను గుమ్మంలోకి వచ్చింది. తగువుల్లో ఎప్పుడూ గుమ్మం లోపలే నిలబడ్డ పిల్ల, ఈసారి గడప దాటి మెట్టు మీదకి వచ్చి నిలబడింది. చీరకి అక్కడక్కడా ఎర్రదారం అంటుకుని ఉంది.

"అమ్మకి వొంట్లో బాగోనేదు" అన్నాడు వాడు మెత్తగా. "జరిగిందేదో జరిగిపోనాది. ఇంటికి పద."

ఆ పిల్ల వాణ్ణి తిన్నగా చూసింది. గొంతు పెంచలేదు.

"ఇంట్లోనే ఉన్నాను గదా" అంది.